తలుపు అవతలి వేషం

మా కోడలు ఈ ఊళ్ళో సిటీ బస్సు నడుపుతుంది. ఏ సందులో ఎక్కడ గొయ్యి ఉందో, ఏ మలుపులో ఏ కుక్క అడ్డం పడుతుందో తనకు తెలిసినట్టు నాకు తెలియదు. నేనేమో ఇక్కడే పుట్టాను, మా అమ్మా ఇక్కడే పుట్టింది. అయినా వారానికి ఒకరైనా డ్రైవరు సీటు వైపు వంగి, "ఎక్కడి నుంచి వచ్చావమ్మా నువ్వు?" అని తనని అడుగుతారు.

"డిపో నుంచి" అంటుంది.

"అది కాదమ్మా, అసలు ఎక్కడి నుంచి?"

"అసలు కూడా డిపో నుంచేనండీ. కాస్త గట్టిగా పట్టుకోండి, బ్రేకు వేస్తున్నా."

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెప్పి తను నవ్వుతుంది. మా వాడు నవ్వుతాడు. మా ఆయన పేపరు చాటున నవ్వుతారు. నాకే నవ్వు రాదు. నాకు ముక్కు మీద కోపమని మా వీధి వీధంతా అంటుంది. నిజమే, కాదనను. టైలరు పని చేసేవాళ్ళకి కోపం పనికిరాదంటారు, కుట్టు వంకర పోతుందని. నా కుట్టు ఏనాడూ వంకర పోలేదు. కోపం వచ్చినప్పుడు ఇంకా సూటిగా పడుతుంది.

మా వీధి చివర ఒక పాత గోదాము ఉండేది. లోపలంతా ఎలుకలు, విరిగిన చెక్కపెట్టెలు. మా వీధిలో నాలుగైదు భాషలవాళ్ళం ఉంటాం. పనుల కోసం వచ్చినవాళ్ళు, పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళు, ఒకరి వెనక ఒకరుగా వచ్చి నిలదొక్కుకున్నవాళ్ళు. అందరివీ అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళే. పిల్లలు గొంతెత్తి పాడుకుందామన్నా పక్కింటివాళ్ళు గోడ కొడతారు. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మా కోడలు చీపురు పట్టుకుని ఆ గోదాములోకి దూరింది. "ఏం చేస్తున్నావే పిల్లా?" అంటూ నేను వెనకే వెళ్ళాను.

"ఇంత చోటు ఎలుకలకెందుకత్తయ్యా? మనకి లేక ఏడుస్తుంటే?" అంది ముక్కుకి గుడ్డ కట్టుకుంటూ.

అలా మొదలైంది. సెలూన్ అతను వచ్చి గోడలకి సున్నం వేశాడు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చి కిటికీ అద్దాలు కడిగింది. వడ్రంగి ఆ విరిగిన పెట్టెల చెక్కలతోనే చిన్న స్టేజీ కొట్టి ఇచ్చాడు. వీళ్ళెవరూ ఇక్కడ పుట్టినవాళ్ళు కారు. ఇక్కడ పుట్టినవాళ్ళం అంటే నేనూ, లైబ్రరీ నడిపే అమ్మా, ఇంకో ఇద్దరు ముగ్గురం. కానీ అప్పుడు ఆ లెక్క ఎవరికి కావాలి? చేతికి సున్నం అంటుకుంటే అందరి చేయీ ఒకటే రంగు.

గోదాము కాస్తా మా హాలయింది. శనివారం సాయంత్రాలు అక్కడ పాటలు పాడుకునేవాళ్ళం. ఒకరి పాట ఇంకొకరికి అర్థమయ్యేది కాదు, అయినా తాళం వేయడం అందరికీ వచ్చు కదా. పాటలయ్యాక మాటలు. లైబ్రరీ అమ్మ ఒకే ఒక్క నియమం పెట్టింది: ఎవరు ఏ ప్రశ్న అడిగినా, ముందు ఆ ప్రశ్నకి తామే జవాబు చెప్పాలి. "మీ ఆయన నిన్ను బాగా చూసుకుంటాడా?" అని నర్సమ్మని అడిగిన ఒకావిడ, ముందు తన మొగుడి గురించి చెప్పాల్సి వచ్చి, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆ తర్వాత మా వీధిలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు బాగా తగ్గాయి.

అంతా చక్కగా సాగుతుంటే దిగారు స్వాగతం సారు.

ఆ పేరు నేను పెట్టిందే. ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మైకు పట్టుకుంటే తేనె కారుతుంది. హాలుకి ఒక సంఘం ఉండాలన్నారు, సంఘానికి అధ్యక్షుడు ఉండాలన్నారు, ఆ బరువు తానే మోస్తానన్నారు. మేం సరేనన్నాం. చెడ్డవాడైతే కాదు. చెడ్డవాడయ్యుంటే నాకింత కోపం వచ్చేదీ కాదు. చెడ్డవాణ్ణి నాలుగు తిట్టి ఊరుకుంటాం. మంచితనంతో మనిషిని చంపేవాణ్ణి ఏం చేస్తాం?

వచ్చీ రాగానే ఆయన స్వాగత సభ పెట్టారు. మా కోడల్ని, సెలూన్ అతన్ని, నర్సమ్మని, వడ్రంగిని స్టేజీ ఎక్కించి తలా ఒక పువ్వు చేతిలో పెట్టి, "మా హాలుకి మీ అందరికీ స్వాగతం" అన్నారు. ఎవరి హాలుకి ఎవరికి స్వాగతం? సున్నం వేసినవాడిని ఆ సున్నం గోడకే ఆనించి నిలబెట్టి, ఇదిగో గోడ, చూసుకో అన్నట్టు! సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రోజు నేను లేచి అరవబోతే మా ఆయన నా చేయి పట్టుకుని కూర్చోబెట్టారు.

పోనీ ఒక్కసారితో అయిందా? ప్రతి ఏడూ అదే సభ, అదే పువ్వు, అదే మాట. ఇంట్లో ఉన్న మనిషిని ఎన్నిసార్లు రమ్మంటారండీ? రండి రండి అన్నప్పుడల్లా, మీరింకా రాలేదని చెప్పినట్టే కదా.

ఆ తర్వాత ఆయన మా శనివారం మాటల్ని కూడా మార్చేశారు. దానికి "మనసు విప్పుదాం" అని పేరు పెట్టారు. కొత్తవాళ్ళు మధ్యలో కుర్చీల్లో కూర్చుని తమ కష్టాలు చెప్పాలి. మనం చుట్టూ కూర్చుని వినాలి. విన్నాక నిట్టూర్చాలి. అడిగినవాళ్ళే ముందు జవాబు చెప్పాలనే నియమం ఎటు పోయిందో పోయింది. మా కోడలు ఎన్నోసార్లు ఆ మధ్య కుర్చీలో కూర్చుంది. ఒకసారి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అంది:

"అత్తయ్యా, నా దగ్గర కష్టాలు అయిపోయాయి."

"అంటే?"

"ఉన్నవన్నీ చెప్పేశా. ఇవాళ చెప్పడానికి ఏం లేక ఒకటి కల్పించా. చలిలో రాత్రంతా బస్టాండులో పడుకున్నానని. దానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి."

మా వాడు పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నీకున్న సుఖమేమిటని ఒక మనిషిని ఎవరూ అడగరా? ఆ పిల్ల పదిమంది చేయలేని మలుపులో అంత పొడుగు బస్సుని అవలీలగా తిప్పుతుంది. కొలత చెప్తే చాలు, గుడ్డ మీద సుద్దగీత నా కంటే నున్నగా గీస్తుంది. నవ్వించడం మొదలుపెడితే మా ఆయన లాంటి మనిషికే పొలమారుతుంది. వీటి గురించి ఏ శనివారం ఎవరు అడిగారు?

ఆ ఏడు సారు నాటకం వేద్దామన్నారు. ఆయనే రాశారు. స్టేజీ నడి మధ్యలో ఒక తలుపు ఉంటుంది. తలుపుకి ఇటు ఒక ఇల్లు, ఇంట్లో ఇంటావిడ. అటు వీధి, వీధిలో దిక్కులేక వచ్చినవాళ్ళు. వాళ్ళు తలుపు తడతారు. ఇంటావిడ తలుపు తీసి ఆదరిస్తుంది. వాళ్ళు చేతులు జోడిస్తారు. అంతే నాటకం. ఇంటావిడకి పేజీల కొద్దీ మాటలు, తలుపు తట్టేవాళ్ళందరికీ కలిపి ఒకే ఒక్క ముక్క.

వేషాలు పంచే రోజు నేను కొలతలు తీసుకోవడానికి టేపు మెడలో వేసుకుని వెళ్ళాను. దుస్తుల బాధ్యత నాది. మా కోడలు డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, యూనిఫాం కూడా మార్చలేదు. ఇస్త్రీ మడత కత్తిలా నిలబడి ఉంది.

"సార్, నాకు ఇంటావిడ వేషం ఇవ్వండి" అంది.

సారు చిరునవ్వు నవ్వారు. "నీకు తలుపు తట్టే వేషం ఉంచానమ్మా. అది నీకంటే సహజంగా ఎవరు చేస్తారు?"

"సహజంగా చేసేదానికి నాటకమెందుకండీ? నాకు తలుపు తీయాలని ఉంది. చిన్నప్పటి నుంచి నాటకాలు వేశాను, మాటలు త్వరగా పట్టేస్తా."

"పట్టేస్తావమ్మా, నాకు తెలియదా. కానీ ఈ నాటకానికి నీ కన్నీళ్ళు కావాలి." ఆయన చూపు నా మీదా, నా టేపు మీదా పడింది. ముఖం వెలిగిపోయింది. "ఇంటావిడగా మీరు చేయండి! సొంత అత్తాకోడళ్ళు, తలుపుకి ఇటొకరు, అటొకరు! జనం కన్నీళ్ళతో హాలు మునిగిపోతుంది."

"నాకు నాటకాలు రావు, నాకొద్దు" అన్నాను మొహం మీదే.

"వద్దనకండి. రేపటికి ఆలోచించండి" అని ఆయన వేరేవాళ్ళ వైపు తిరిగారు.

ఇంటికి నడుస్తుంటే మా కోడలు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ పిల్ల మౌనంగా ఉండటం నేను చూడలేను, ఇంట్లో రేడియో పాడైనట్టుంటుంది. మా గుమ్మం దగ్గరికి వచ్చాక ఆగింది.

"ఒప్పుకోండి అత్తయ్యా."

"నీకేమైనా పిచ్చా? ఆ వేషం నీది."

"మీరు కాదంటే ఆయన వాళ్ళావిడకి ఇస్తారు. మీకైతే నేనే కదా ఇంట్లో మాటలు నేర్పాలి. ఆ వంకతోనైనా కొన్నాళ్ళు ఆ మాటలు నేను చెప్పుకుంటా." గడియ తీస్తూ అంది: "ఇదే ఆఖరు. ఈ నాటకం అయ్యాక నేనింక ఆ హాలు గడప తొక్కను. నేను ఊడ్చిన నేలే అది, అయినా వదిలేస్తా. ఎప్పుడూ చుట్టంలా కూర్చోలేక నడుం పట్టేసింది."

ఆ హాలంటే తనకి ఎంత ప్రాణమో నాకు తెలుసు. తను రాకపోతే అది మళ్ళీ గోదామే. కాకపోతే ఈసారి మైకున్న గోదాము.

ఒప్పుకున్నాను. ఆ తర్వాత మా వంటిల్లే రిహార్సలు గది. నాకు మాటలు ఒంటబట్టవు. మొదటి ముక్క చెప్పేసరికి రెండోది జారిపోతుంది. "ఇంట్లో మాటలకి కొదవలేదు కానీ, స్టేజీ మాటలకి నోరు పెగలదా?" అని మా ఆయన వెక్కిరింపు. మా కోడలు గరిటె పక్కన పెట్టి, "ఇలా చెప్పాలి అత్తయ్యా" అని పెరటి తలుపు దగ్గర నిలబడి మొత్తం చెప్పేది. ఎలా చెప్పేదని! భుజాలు సర్దుకుని, గడియ మీద చేయి వేసి, తలుపు తీయడానికి ముందు ఒక్క క్షణం ఆగి. మా ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకుని చూసేవారు. ఆ ఇల్లు ఆవిడదేనని చూసినవాళ్ళెవరికీ అనుమానం రాదు. చెప్పడం అయిపోయాక తను మళ్ళీ గరిటె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

ఊరుకోలేక సారు దగ్గరికి వెళ్ళాను. హాల్లో కుర్చీ వేసుకుని నాటకం కాగితాల్లో ఏదో దిద్దుకుంటున్నారు.

"సార్, మా కోడలు ఆ వేషం నాకంటే వందరెట్లు బాగా చేస్తుంది. ఒక్కసారి చూడండి. నచ్చకపోతే మళ్ళీ అడగను."

ఆయన కలం మూత పెట్టారు. "బాగా చేస్తుందనే నేనూ అనుకుంటున్నానమ్మా. చేయడం గురించి కాదు. జనం ఒప్పుకోవాలి కదా. తలుపు తీసేది కొత్తమనిషి అయితే, ఆ ఇల్లు ఎవరిదని అనుకుంటారు?"

"ఎవరిదనుకుంటే ఏం పోయింది?"

"మీకు అర్థం కాదులెండి" అన్నారు ఎంతో మర్యాదగా. "ఆఁ, అన్నట్టు, తట్టేవాళ్ళ కోట్లకి చిరుగులు ఉండాలి. అక్కడక్కడ మాసికలు వేయండి. మరీ శుభ్రంగా ఉంటే జాలి పుట్టదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. కుట్టే చేత్తో చింపమంటున్నాడు! ఈ ఊళ్ళో అడుగుపెట్టాక ఆ పిల్ల ఒక్కనాడు చిరిగిన గుడ్డ కట్టలేదు. నర్సమ్మ తెల్లకోటు మీద మరక చూసినవాడు లేడు. సెలూన్ అతని చొక్కా అయితే నేనే కుడతాను, కాలరు ఒక్క గీత అటూ ఇటూ అయినా వెనక్కి పంపిస్తాడు. జాలి పుట్టాలట, జాలి! జాలి పుట్టించడానికి వీళ్ళు చిరుగులు తొడుక్కోవాలి, ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కాతో మైకు ముందు నిలబడాలి.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఇంటావిడకి నీలం రంగు పొడుగు గౌను, దాని మీద జేబులున్న తెల్ల ఏప్రాన్. గుడ్డ పరిచి కత్తెర పట్టుకున్నాను. నా కొలతలు నాకు కొత్తా? భుజం వెడల్పు, నడుం లావు. ఆ కొలతలతో మాత్రం కత్తిరించలేదు. భుజం తగ్గించాను, చేయి పొడుగు పెంచాను, నడుం లోపలికి తీశాను. మా కోడలి కొలతలు నాకు కళ్ళు మూసుకున్నా వస్తాయి. చిరుగుల కోటు మాత్రం వదులుగా, నా ఒంటికి పట్టేట్టు కుట్టాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఆయనకి చెబితే పోనీలే అంటారు. ఆ రోజు పోనిచ్చే ఓపిక నాకు లేదు.

నాటకం రోజు హాలు కిటకిటలాడింది. మా వీధే కాదు, పక్క వీధులవాళ్ళు, బస్సులో మా కోడల్ని రోజూ చూసేవాళ్ళు, ఊరి పెద్దలు కూడా వచ్చారు. స్టేజీ వెనక గదిలో ఒకటే అద్దం, దాని ముందు అందరం. నేను నీలం గౌను తీసి మా కోడలి చేతిలో పెట్టాను.

"ఇది మీది కదా అత్తయ్యా."

"నాకు భుజాల దగ్గర పట్టడం లేదు. నువ్వోసారి వేసుకుని చూడు."

వేసుకుంది. ఎక్కడా ఒక్క ముడత లేదు. అద్దంలో చూసుకుంది, తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసింది. అప్పటికే నేను చిరుగుల కోటు తొడిగేసి తలకి గుడ్డ చుట్టుకుంటున్నాను. నర్సమ్మా, సెలూన్ అతనూ తమ కోట్లు సగం వేసుకుని అలాగే నిలబడిపోయారు.

"సారు ఏమంటారు?" అంది మా కోడలు చిన్నగా.

"ఏమంటే అననీ. తెర లేచాక స్టేజీ మీదికొచ్చి లాక్కెళ్తాడా? నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు. ఆయన రాసిన సోదంతా అవతల పారేసి నీకు తోచింది మాట్లాడు."

తను ఏప్రాన్ ముడి బిగించుకుంది. "చూద్దాం" అంది.

తెర లేచింది. వడ్రంగి చేసిన తలుపు నడి స్టేజీలో నిలబడి ఉంది. చుట్టూ గోడలేమీ లేవు, జనానికి రెండు వైపులా కనిపిస్తుంది. అటు ఇంట్లో దీపం, బల్ల, కుర్చీలు. ఇటు చీకట్లో మేం. ముందు నేను, నా వెనక నర్సమ్మ, ఆ వెనక సెలూన్ అతను. స్టేజీ పక్కన సారు ముఖం నాకు ఓరగా కనిపించింది. చేయి తెర తాడు మీదే ఉంది కానీ వదల్లేదు. ఎదురుగా అంతమంది జనం.

జనంలోనూ గుసగుసలు లేచాయి. నన్ను తెలియనివాళ్ళు ఎవరు? అక్కడున్న సగం చొక్కాలు నేను కుట్టినవే.

తలుపు తట్టాను.

లోపల మా కోడలు బల్ల మీద కంచాలు సర్దుతోంది. తల ఎత్తలేదు. మళ్ళీ తట్టాను. విననట్టే ఒక కంచం తీసి గుడ్డతో తుడిచింది, దీపం వైపు ఎత్తి చూసింది, మళ్ళీ తుడిచింది. జనం నన్నే చూస్తున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాళ్ళు మార్చి నిలబడ్డాను. మనదనుకున్న చోట, మనల్ని ఎరిగినవాళ్ళ ముందు, తలుపు బయట అలా నిలబడటం ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు అప్పటివరకు తెలియదు. చేసేది వేషమేనని మనసుకి తెలుసు. ఒంటికి తెలియలేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. మా కోడలు నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆ కళ్ళల్లో ఎంత దయ! అంత దయ నేను ఏ మనిషి కళ్ళలోనూ చూడలేదు. తనకి తోచింది మాట్లాడుతుందని నేను ఎదురుచూస్తున్నాను. తను సారు రాసిందే మొదలుపెట్టింది, చక్కటి గొంతుతో, ఒక్క పొల్లు జారకుండా:

"అయ్యో పాపం! ఎక్కడి నుంచి వచ్చావమ్మా? ఎంత దూరం నుంచి వచ్చావో ఏమో! భయపడకు, మేం మంచివాళ్ళం. నీకు మా పద్ధతులు తెలియవు, మెల్లగా మేమే నేర్పిస్తాం. నీ మాట మాకు అర్థం కాకపోయినా నీ కన్నీళ్ళు మాకు అర్థమవుతాయి. రా తల్లీ, లోపలికి రా. ఇది నీ ఇల్లే అనుకో."

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. నాకు పద్ధతులు తెలియవా? నా మాట అర్థం కాదా? ఈ వీధిలో పుట్టి, ఈ వీధిలో పెరిగి, ఈ వీధి పెళ్ళికూతుళ్ళకీ పసిపిల్లలకీ బట్టలు కుట్టిన నన్ను, నా ఇల్లు నాదే అనుకోమంటున్నారా? అనేది మా కోడలని, అది నాటకమని, ఆ ఏర్పాటు చేసింది స్వయానా నేనేనని అంతా మరిచిపోయాను. చెవులు వేడెక్కాయి.

ఆ చోట నేను చేతులు జోడించి, "మీ మేలు ఈ జన్మకి మరిచిపోలేను" అనాలి. తలుపు తట్టేవాళ్ళకి రాసిన ఒకే ఒక్క ముక్క అది. నేను చేతులు జోడించలేదు.

మా కోడలు చేయి చాచింది. "రా అమ్మా. సిగ్గుపడకు" అంది. అదీ రాసి ఉన్నదే.

"సిగ్గెందుకు నాకు? నేనేం తప్పు చేశానని?" అని అరిచాను. హాలంతా మారుమోగింది. "నువ్వెవరు నాకు నేర్పడానికి? నేను ముష్టికొచ్చానా నీ గుమ్మంలోకి? రాను! నేను రాను!"

నా వెనక నర్సమ్మ తలకి చుట్టుకున్న గుడ్డ విప్పేసింది. "నేనూ రాను" అంది. సెలూన్ అతను చిరుగుల కోటు విప్పి చేతి మీద వేసుకుని, కింద ఉన్న తన మంచి చొక్కా కాలరు సర్దుకున్నాడు. అతనికి సారు మాటే రాయలేదు, అందుకని ఏమీ అనలేదు.

తెర దబ్బున పడింది. సారే తాడు వదిలేశారు.

ఆయన స్టేజీ మధ్యకి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది. నా వైపు చూడలేదు, నేరుగా మా కోడలి దగ్గరికి వెళ్ళారు. "నాశనం చేశావు కదమ్మా నా నాటకాన్ని!" అన్నారు.

"నేనేం చేశానండీ? మీరు రాసింది ఒక్క మాట కూడా మార్చలేదు" అంది తను. "కావాలంటే చూసుకోండి."

పక్కన నిలబడి మాటలు అందించే పని లైబ్రరీ అమ్మది. ఆవిడ చేతిలో కాగితాలు చూసి తల ఊపింది. "ఒక్క అక్షరం తేడా లేదండీ. అన్నీ మీరు రాసినట్టే చెప్పింది."

"రాసినట్టే చెప్పింది, సరే!" సారు నా వైపు చేయి విసిరారు. "కానీ ఆ మాటలు ఆవిడతో అనచ్చా? ఆవిడ ఈ ఊరి మనిషి. అందరికీ తెలిసిన మనిషి. అంతమంది ముందు ఆవిడకి ఎంత అవమానం!"

తెర అంటే గుడ్డే కదా, మాటని ఏం ఆపుతుంది? అవతల జనం లేచి వెళ్తున్న చప్పుడు లేదు. ఒక్క కుర్చీ కూడా కదలలేదు.

మా కోడలు ఏప్రాన్ జేబుల్లో చేతులు పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఎగతాళి లేదు ఆ చూపులో. నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్ళు చూసే చూపు.

"అవమానమా సార్?" అంది. "ఇన్నేళ్ళుగా అవే మాటలు మాతో అంటున్నారు కదా. మరి మాకేమవుతుందనుకున్నారు?"

నేను కోటు విప్పలేదు, కూర్చోలేదు. నర్సమ్మ, సెలూన్ అతను, లైబ్రరీ అమ్మ, తెర అవతల ఊరు, అందరం ఆయన జవాబు కోసం అక్కడే ఉండిపోయాం.